పాడేరు కొండల్లో అడవి, పోడు, కాఫీ: శాటిలైట్‌తో బయోమాస్ లెక్క ఎలా కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పాడేరు, చింతపల్లి ప్రాంతంలో 2000 నుంచి ఇప్పటిదాకా అడవి, పోడు, కాఫీ తోటల విస్తీర్ణం ఎలా మారింది, దాంతోపాటు చెట్ల బయోమాస్ (నేలపైన ఉన్న చెట్ల ఎండు బరువు) ఎంత పెరిగింది లేదా తగ్గింది అన్నది మీ పీహెచ్‌డీ అంశం. 40 ప్లాట్లలో (హద్దు గీసుకున్న నమూనా నేల ముక్కల్లో) చెట్లు కొలిచారు. యూరప్ శాటిలైట్ సెంటినెల్-2 ఇచ్చే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం ఇండెక్స్‌తో రిగ్రెషన్ చేస్తే ఆర్ స్క్వేర్ (మోడల్ ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.38 దగ్గర ఆగిపోయింది. ఇంకో ఇండెక్స్ వాడాలా, లేక డీప్ లెర్నింగ్‌కి వెళ్లాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఇండెక్స్ మారిస్తే 0.38 కాస్తా 0.42 అవుతుంది. డీప్ లెర్నింగ్‌తో 40 ప్లాట్ల మీద 0.9 కూడా తెప్పించవచ్చు, కానీ ఆ అంకెకు విలువ ఉండదు. మీ ఇబ్బంది మోడల్‌లో లేదు. శాటిలైట్ దేన్ని చూస్తుంది, దేన్ని చూడదు అన్న దగ్గరే ఉంది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ప్రాంతం మీద సరైన లెక్క రావడం చాలా అవసరం.

శాటిలైట్‌కి బయోమాస్ కనిపించదు. దానికి కనిపించేది ఆకుల మీద పడి తిరిగి వచ్చిన సూర్యకాంతి. రాడార్ అయితే కొమ్మలకూ కాండాలకూ తగిలి వెనక్కి వచ్చిన తరంగం. లేజర్ అయితే చెట్టు తల నుంచి, నేల నుంచి వెలుగు తిరిగి రావడానికి పట్టిన సమయం. హెక్టారుకు ఇన్ని టన్నులు అన్న అంకె మాత్రం నేల మీద టేపు పట్టుకుని కొలిచిన చెట్ల నుంచే వస్తుంది. దాన్ని మీరు వెళ్లని చోట్లకు విస్తరించడమే శాటిలైట్ చేసే పని.

ఎన్‌డీవీఐ విషయానికి వద్దాం. ఎరుపు కాంతిని ఆకు పీల్చుకుంటుంది, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది. ఈ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ. అంటే అది ఆకుపచ్చదనానికి కొలత. ఒక చదరపు మీటరు నేల మీద మూడు నాలుగు చదరపు మీటర్ల ఆకు పరచుకునేసరికి ఆ ఇండెక్స్ దాదాపు గరిష్ఠానికి చేరి అక్కడే ఆగిపోతుంది. చెట్టు బరువులో ఎక్కువ భాగం కాండంలో, పెద్ద కొమ్మల్లో ఉంటుంది. ఆకుల వాటా చాలా తక్కువ. దూరం నుంచి ఇంటి పైకప్పు రంగు చూసి లోపల ఎన్ని బస్తాల బియ్యం ఉన్నాయో చెప్పమంటే ఎలా ఉంటుందో, ఎన్‌డీవీఐతో టన్నులు చెప్పమనడం అలా ఉంటుంది.

మీ ప్రాంతంలో ఇది ఇంకా పెద్ద సమస్య. పోడు కొట్టి వదిలేసిన బీడులో మూడేళ్లకే పొదలు, చిగురు మొక్కలు, లాంటానా దట్టంగా అల్లుకుంటాయి. నవంబర్‌లో ఆ బీడు ఎన్‌డీవీఐ, పక్కనే ఉన్న పాత అడవి ఎన్‌డీవీఐ ఇంచుమించు ఒకటే ఉంటాయి. బయోమాస్ చూస్తే వాటి మధ్య ఎన్నో రెట్ల తేడా. మీ రిగ్రెషన్ చుక్కల చిత్రంలో కుడివైపు నిలువుగా ఒక గోడలా చుక్కలు పేరుకుని ఉంటాయి, చూడండి. 0.38కి కారణం అదే. సెంటినెల్-2లో 705, 740, 783 నానోమీటర్ల దగ్గర రెడ్ ఎడ్జ్ బ్యాండ్లు, అంటే ఎరుపుకూ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కూ మధ్య కాంతిని కొలిచేవి, ఉన్నాయి. అవి కాస్త ఆలస్యంగా సంతృప్తమవుతాయి, కాబట్టి కొంత మేలు. ఆ గోడను మాత్రం పూర్తిగా తీసేయలేవు.

అందుకే మొదట మీ ప్లాట్ల షీట్ తెరవండి. నా దగ్గరికి వచ్చే థీసిస్‌లలో సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

మన దగ్గర అటవీ కొలతల్లో టేపుతో చుట్టుకొలత తీసుకుంటాం, అది కూడా 1.37 మీటర్ల ఎత్తున. అంతర్జాతీయ సమీకరణాలు ఎక్కువగా 1.3 మీటర్ల దగ్గర వ్యాసం అడుగుతాయి. ఎత్తులో ఏడు సెంటీమీటర్ల తేడా పెద్ద విషయం కాదు. చుట్టుకొలతను 3.1416తో భాగించకుండా నేరుగా వ్యాసం గడిలో వేస్తే మాత్రం, వ్యాసాన్ని వర్గం చేస్తారు కాబట్టి ఒక్కో చెట్టు బరువు తొమ్మిది రెట్లకు పైగా పెరిగిపోతుంది. షీట్ అంతా అలా ఉంటే వెంటనే పట్టుకోవచ్చు. ఒక టీమ్ చుట్టుకొలత, ఇంకో టీమ్ వ్యాసం రాసిన షీట్లను కలిపేస్తే పట్టుకోవడం కష్టం.

ఏ సమీకరణం వాడాలన్నది తర్వాతి ప్రశ్న. జెరోమ్ షావ్ బృందం 2014లో ప్రచురించిన ఉష్ణమండల సమీకరణం 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్ల మీద కట్టినది. బరువు కిలోల్లో = 0.0673 × (కలప సాంద్రత × వ్యాసం² × ఎత్తు)^0.976. ఒక టేకు చెట్టు చుట్టుకొలత 94 సెం.మీ., అంటే వ్యాసం సుమారు 30 సెం.మీ., ఎత్తు 15 మీటర్లు, సాంద్రత 0.6 అనుకోండి. లెక్క వేస్తే దాదాపు 440 కిలోలు వస్తుంది. దాన్ని 0.47తో గుణిస్తే కార్బన్, సుమారు 206 కిలోలు. ఇలా రెండు మూడు చెట్లకు చేత్తో లెక్క కట్టి, మీ కోడ్ ఇచ్చిన జవాబుతో సరిచూడండి. స్థానికంగా కట్టిన ఘనపరిమాణ సమీకరణాలు ఉన్న జాతులకు వాటినే వాడండి, షావ్ సమీకరణాన్ని పోల్చడానికి ఉంచుకోండి.

ఈ సమీకరణం పనికిరాని మొక్కలు మీ ప్రాంతంలో చాలా ఉన్నాయి. కాఫీ మొక్కను ఏటా కత్తిరిస్తారు, ఛాతీ ఎత్తున కొలిస్తే అర్థం ఉండదు. నేల నుంచి 15 సెం.మీ. ఎత్తున కాండం వ్యాసం తీసుకుని, కాఫీ కోసమే కట్టిన సమీకరణం వాడాలి. జీలుగు చెట్టు తాటి జాతిది, వయసుతో దాని కాండం లావెక్కదు, కాబట్టి ఎత్తు ఆధారంగా లెక్కించాలి. వెదురుకు మళ్లీ వేరే లెక్క. సిల్వర్ ఓక్ మామూలు చెట్టే గానీ, నల్లమద్ది సాంద్రత దానికి వేస్తే బరువు అనవసరంగా పెరుగుతుంది. జాతివారీ సాంద్రత వేయడం ఇక్కడ తప్పనిసరి. చెట్ల పేర్లు తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఆకులు రాలిన కాలంలో కూడా బెరడు చూసి చెప్పగలిగినవాళ్లు వాళ్లే.

పోడు భూమిలో ప్లాట్ వేసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. పోడు కొట్టినా ఇప్ప, చింత, పనస, మామిడి, జీలుగు లాంటి చెట్లను నరకరు, వాటి మీద బతుకుంది. ఎకరంలో రెండు పెద్ద చింతచెట్లు ఉంటే ఆ ఎకరం బయోమాస్‌లో సింహభాగం ఆ రెంటిదే. మీ చిన్న ప్లాట్‌లో ఆ చెట్టు పడితే ఒక అంకె, పడకపోతే పూర్తిగా వేరే అంకె. కాబట్టి పోడులో 0.1 హెక్టారు ప్లాట్ చాలదు. చిన్న మొక్కలకు 0.1 హెక్టారు ఉంచి, 30 సెం.మీ. వ్యాసం దాటిన చెట్లను మాత్రం చుట్టూ ఒక హెక్టారు దాకా కొలవండి.

వాలు సవరణ చేశారా? 0.1 హెక్టారు చదరపు ప్లాట్ అంటే ఒక్కో పక్క 31.62 మీటర్లు, కానీ అది సమతలం మీద కొలత. 30 డిగ్రీల వాలు మీద టేపును నేలకు ఆనించి పరిస్తే, వాలు దిశలో 36.5 మీటర్లు తీసుకోవాలి. తీసుకోకపోతే మీ ప్లాట్ నిజంగా 0.087 హెక్టారే. అంటే హెక్టారుకు టన్నులు 13 శాతం తక్కువ చూపిస్తారు. ఆ కొండల్లో ఇలాంటి వాలు మామూలే. జీపీఎస్ సంగతి కూడా ఇంతే. దట్టమైన చెట్ల కింద చేతి జీపీఎస్ ఐదు నుంచి పది మీటర్లు తప్పు చూపించగలదు, అంటే సెంటినెల్ పిక్సెల్ ఒకటి పక్కకు జరిగిపోవచ్చు. ప్లాట్ మధ్యలో కనీసం పావుగంట సగటు తీయించండి. అడవి, పోడు, తోట కలిసే అంచుకు దగ్గరగా ఉన్న ప్లాట్లను మోడల్‌లో వాడకండి.

ఇక మీ అంశంలో అసలు కష్టమైన భాగం, భూమి వినియోగం.

ల్యాండ్ కవర్ అంటే నేల మీద ఏముంది అన్నది. ల్యాండ్ యూజ్ అంటే ఆ నేలను మనిషి దేనికి వాడుతున్నాడు అన్నది. మైదాన ప్రాంతంలో రెంటినీ ఒకటిగా చూసినా పెద్ద నష్టం ఉండదు. పాడేరులో అలా చూస్తే మీ థీసిస్ మొత్తం తప్పుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నిర్వచనం ప్రకారం ఒక హెక్టారు, ఆపైన ఉన్న ఏ నేలైనా, చెట్ల నీడ 10 శాతం దాటితే అది అటవీ ఆవరణమే. ఆ భూమి ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్నది చూడరు. కాబట్టి సిల్వర్ ఓక్ నీడలో వేసిన కాఫీ తోట, జీడిమామిడి తోట, జామాయిల్ తోట అన్నీ ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. అది వాళ్ల నిర్వచనం, వాళ్ల అవసరానికి అది సరైనదే. మీరు ఆ అంకె తీసుకుని ‘సహజ అడవి పెరిగింది’ అని రాస్తే అది అబద్ధమవుతుంది. ఇరవై ఐదేళ్లలో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు ప్రోత్సాహంతో పాత పోడు భూములు చాలా కాఫీ తోటలుగా మారాయి. అక్కడ చెట్ల నీడ నిజంగానే పెరిగింది, బయోమాస్ కూడా పెరిగింది. అది మంచి మార్పే, దాన్ని దాని పేరుతోనే చెప్పాలి. మరికొన్ని చోట్ల ఉన్న అడవి కిందనే పొదలు తీసేసి కాఫీ వేశారు. పైనుంచి చూస్తే ఏ మార్పూ కనిపించదు, కింద చిన్న మొక్కలు పెరిగి చెట్లయ్యే దారి మూసుకుపోయింది.

ఈ రెండు రకాల కాఫీని వేరుచేయడం మీ పరిశోధనకు గుండెకాయ. మొదటి రకాన్ని పట్టుకోవడానికి కాలం సాయం చేస్తుంది. అక్కడి అడవిలో చాలా జాతులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలుస్తాయి. సిల్వర్ ఓక్ పచ్చగానే ఉంటుంది. నవంబర్ చివర చిత్రం, మార్చి చిత్రం పక్కపక్కన పెట్టి, పచ్చదనం పడిపోయిన చోటు, నిలబడిన చోటు చూడండి. వాగుల వెంబడి ఉన్న సతతహరిత చెట్లు కూడా పచ్చగా నిలుస్తాయి. అక్కడ ఎత్తు పల్లాల మ్యాప్ తోడు తీసుకోవాలి. సిల్వర్ ఓక్ వరసలుగా, ఒకే వయసుతో, ఒకే ఎత్తున ఉంటుంది. ఇస్రో లిస్-4 కెమెరా చిత్రంలో ఒక్కో పిక్సెల్ 5.8 మీటర్లది, అందులో టెక్స్చర్ (పక్కపక్క పిక్సెళ్ల మధ్య నునుపు, గరుకు తేడా) చూస్తే ఆ ఏకరూపత కొంతవరకు దొరుకుతుంది. రెండో రకం, అంటే సహజ అడవి నీడలోని కాఫీ, ఏ శాటిలైట్‌తోనూ నమ్మకంగా దొరకదు. దానికి ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడి హద్దులు గీసుకోవడమే దారి. మ్యాప్‌లో దాన్ని వేరే తరగతిగా చూపలేకపోతే, చూపలేమని థీసిస్‌లో స్పష్టంగా రాయండి.

పోడు విషయంలో రెండు తేదీల చిత్రాలు పోల్చే పద్ధతి వదిలేయండి. పోడు ఒక చక్రం. వేసవికి ముందు కొడతారు, ఎండబెట్టి తగలబెడతారు, తొలకరికి చోళ్లు, సామలు చల్లుతారు, కొన్నేళ్లకు బీడు వదులుతారు. 2000 చిత్రంలో పంట, 2020 చిత్రంలో పొదలు కనిపిస్తే ‘అడవి తిరిగి పెరిగింది’ అనుకుంటారు. నిజానికి ఆ ముక్క మధ్యలో నాలుగుసార్లు నరకబడి ఉండవచ్చు. ప్రతి పిక్సెల్‌కీ ఏడాదికి ఒక విలువ చొప్పున వరస తీయండి. పోడు పిక్సెల్ గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది, అడవి సమంగా సాగుతుంది, కాఫీ తోట ఒకసారి పడిపోయి మెల్లగా ఎక్కి అక్కడే నిలుస్తుంది. ఈ ఆకారమే మీకు తరగతి చెబుతుంది, ఏ ఒక్క చిత్రమూ చెప్పలేదు.

ఈ వరసకు అమెరికా శాటిలైట్ ల్యాండ్‌శాట్ తప్ప మరో దారి లేదు, 2000కి వెళ్లాలి కాబట్టి. 2008 నుంచి ఆ చిత్రాలన్నీ ఉచితం. ల్యాండ్‌శాట్-7లో 2003 మే 31న స్కాన్ సరిదిద్దే భాగం చెడిపోయింది, అప్పటి నుంచి చిత్రాల్లో చారలు ఉంటాయి. ల్యాండ్‌శాట్-5 చిత్రాలు 2011తో ఆగాయి, ల్యాండ్‌శాట్-8 వచ్చింది 2013లో. అందువల్ల 2012 ఒక్క ఏడాది మీకు చారల చిత్రాలే దిక్కు, ఆ ఏడాది విలువను గట్టిగా నమ్మకండి. ఎకరం పోడు ముక్క ల్యాండ్‌శాట్‌లో నాలుగైదు పిక్సెళ్లు, సెంటినెల్-2లో 40 పిక్సెళ్లు. ఇస్రో అవిఫ్స్ కెమెరా పిక్సెల్ 56 మీటర్లది, అందులో ఎకరం ఒక పిక్సెల్‌కి కాస్త ఎక్కువ. అందుకే ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) అవిఫ్స్‌తో తీసే 1:2,50,000 స్కేలు వార్షిక మ్యాప్‌లను జిల్లా స్థాయి పంటల పరిస్థితికి వాడండి, పోడు ముక్కలకు కాదు. 1:50,000 స్కేలుది ఇస్రో మ్యాప్‌ల వెబ్‌సైట్ భువన్‌లో దొరుకుతుంది. దాన్ని మీ శిక్షణ పాయింట్లకు (మోడల్‌కి నేర్పడానికి తరగతి ముందే తెలిసిన చోట్లకు) ఆధారంగా తీసుకోవచ్చు, తుది సత్యంగా కాదు.

చిత్రాల ఎంపికలో ఒక స్థానిక ఇబ్బంది ఉంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా మేఘాలు. డిసెంబర్, జనవరిలో ఆకాశం తేటగా ఉన్నా లంబసింగి వైపు లోయల్లో ఉదయం పొగమంచు నిలుస్తుంది. ఈ శాటిలైట్లు వచ్చేది పదిన్నర ప్రాంతంలో. పైగా ఆ నెలల్లో సూర్యుడు కిందుగా ఉండి వాయవ్య వాలులు నీడలో పడతాయి, అక్కడి పోడు కూడా అడవిలా చీకటిగా కనిపిస్తుంది. వాలు, సూర్యకోణం సవరణ చేయకుండా వర్గీకరణ మొదలుపెట్టకండి.

2014 దగ్గర మీ వరసలో ఒక పెద్ద పతనం కనిపిస్తే కంగారు పడకండి. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఏజెన్సీలో సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద ఎత్తున కూలిపోయాయి, కాఫీకి నీడ పోయింది. మార్పు పట్టే అల్గారిథమ్ దాన్ని ‘అటవీ నిర్మూలన’ అని ముద్ర వేస్తుంది. అక్టోబర్ 2014కి ముందు, తర్వాత చిత్రాలు చూసి, ఆ నష్టాన్ని వేరే తరగతిగా పెట్టండి. తుపాను కూల్చిన చెట్టును గిరిజన రైతు నరికినట్టు మ్యాప్ చెప్పకూడదు.

రాడార్ గురించి అడగలేదు గానీ, బయోమాస్‌కి ఎన్‌డీవీఐ కంటే అదే మెరుగు. సెంటినెల్-1 రాడార్ సీ బ్యాండ్‌ది (బ్యాండ్ అంటే తరంగం పొడవును బట్టి పెట్టిన పేరు), తరంగదైర్ఘ్యం 5.6 సెం.మీ., ఆకుల్లో, చిన్న కొమ్మల్లోనే ఆగిపోతుంది. హెక్టారుకు 50 టన్నులు దాటాక దానికి తేడా తెలియదు. ఎల్ బ్యాండ్ 24 సెం.మీ., లోపలి కొమ్మలు, కాండాల దాకా వెళుతుంది. సుమారు 100 టన్నుల దాకా బాగా స్పందిస్తుంది. జపాన్ వాళ్ల ఎల్ బ్యాండ్ రాడార్ పాల్సార్ వార్షిక మొజాయిక్‌లు (ఏడాది చిత్రాలను అతికి చేసిన మ్యాప్‌లు) 25 మీటర్లవి, 2007 నుంచి 2010 వరకు, మళ్లీ 2015 నుంచి ఉన్నాయి, గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లోనే దొరుకుతాయి. హెచ్‌వీ ఛానెల్ (అడ్డంగా పంపి నిలువుగా అందుకున్న తరంగం) తీసుకోండి. నిరుడు జూలై, ఈ ఏడు జనవరి అని కలపకుండా ఎండాకాలం చిత్రాలే వాడండి, తడి నేల కూడా సిగ్నల్‌ని పెంచుతుంది. కొండ వాలు రాడార్‌కి మరీ పెద్ద సమస్య. శాటిలైట్ వైపు తిరిగిన వాలు ప్రకాశంగా, అవతలి వాలు చీకటిగా కనిపించి బయోమాస్ తేడాలా భ్రమ పెడుతుంది. ఈ వాలు ప్రభావాన్ని తీసేసే రేడియోమెట్రిక్ టెర్రైన్ కరెక్షన్ చేసిన డేటానే వాడండి.

ఇక్కడి నుంచి ముందుకు నిసార్ ఉంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈ శాటిలైట్‌లో నాసా ఎల్ బ్యాండ్, ఇస్రో ఎస్ బ్యాండ్ రెండూ ఉన్నాయి. 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. హెక్టారుకు 100 టన్నుల లోపు ఉన్న చోట 20 టన్నుల కచ్చితత్వం దాని లక్ష్యం. పోడు బీడులు, కాఫీ తోటల్లో చాలా భాగం ఈ పరిధిలోకే వస్తాయి. అదే ఏడాది ఏప్రిల్ 29న యూరప్ పంపిన బయోమాస్ శాటిలైట్ పీ బ్యాండ్, 70 సెం.మీ. తరంగంతో దట్టమైన అడవుల్లోకి చూస్తుంది. దాని మ్యాప్ 200 మీటర్లది, ఎకరం ముక్కలకు పనికిరాదు, పాత అడవికి పనికొస్తుంది. మీరు ఇప్పుడు వేస్తున్న ప్లాట్లను శాశ్వత ప్లాట్లుగా ఉంచి, చెట్లకు నంబర్లు కొట్టి వదిలితే, ఈ రెండు మిషన్లకూ ఆ కొండల్లో మంచి ఆధారం మీ దగ్గర ఉంటుంది. ఈ పని చేయమని గట్టిగా కోరుతున్నాను.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద ఉన్న నాసా పరికరం జెడై ఇచ్చే లేజర్ డేటా కూడా చాలామంది ఇప్పుడు వాడుతున్నారు. 25 మీటర్ల వృత్తాల్లో చెట్ల ఎత్తు ఇస్తుంది. వాలు ఉన్న చోట జాగ్రత్త. 30 డిగ్రీల వాలు మీద 25 మీటర్ల వృత్తంలో నేలే 14 మీటర్ల ఎత్తు తేడాతో ఉంటుంది. చెట్టు లేని పోడు ముక్క కూడా 14 మీటర్ల అడవిలా కనిపించగలదు. వాలు 15 డిగ్రీలు దాటిన పాయింట్లను తీసేయండి, రాత్రి తీసినవి, నాణ్యత గుర్తు ఉన్నవి మాత్రమే ఉంచండి. చాలా పాయింట్లు పోతాయి. మిగిలినవి నమ్మదగ్గవి.

ఇప్పుడు మోడల్. ర్యాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ వృక్షాలను కలిపిన మెషీన్ లెర్నింగ్ పద్ధతి) వాడినా సరే, పరీక్షించే పద్ధతి మార్చండి. పక్కపక్క ప్లాట్లలో ఒకటి శిక్షణకు, ఒకటి పరీక్షకు వెళితే మోడల్ పొరుగు ప్లాట్‌ని గుర్తుపెట్టుకుని జవాబు చెబుతుంది. మధ్య ఆఫ్రికా అడవుల మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు పద్ధతిలో ఆర్ స్క్వేర్ 0.53 వచ్చిన మోడల్, దూరంగా ఉన్న ప్రాంతాలతో పరీక్షిస్తే దాదాపు సున్నాకు పడిపోయింది. మీరు మండలం మొత్తాన్ని పక్కన పెట్టి పరీక్షించండి. జీకే వీధి (గూడెం కొత్తవీధి) మండలం లేకుండా శిక్షణ, జీకే వీధిలో పరీక్ష, ఇలా. అంకె తగ్గుతుంది. తగ్గిన అంకెనే థీసిస్‌లో రాయండి.

రెండు బయోమాస్ మ్యాప్‌లను తీసివేసి మార్పు చెప్పే ఆలోచన ఉంటే మానుకోండి. ఒక్కో మ్యాప్‌లో హెక్టారుకు 30 టన్నుల పొరపాటు ఉందనుకుంటే, తేడాలో పొరపాటు 42 టన్నులు. కాఫీ తోట ఇరవై ఏళ్లలో పోగుచేసిన బయోమాస్‌లో చాలా భాగం ఆ పొరపాటులో మునిగిపోతుంది. పైగా 2000 సంవత్సరానికి మీ ప్రాంతంలో ఎల్ బ్యాండ్ రాడార్ లేదు, జెడై లేదు. నా సలహా ఇంతకంటే సాదాగా ఉంటుంది. ల్యాండ్‌శాట్ వరసతో ప్రతి ముక్కకూ తరగతి, వయసు తేల్చండి: పాత అడవి, నలిగిన అడవి, సాగులో ఉన్న పోడు, మూడేళ్ల లోపు బీడు, మూడు నుంచి ఎనిమిదేళ్ల బీడు, చిన్న కాఫీ, పదేళ్లు దాటిన కాఫీ. ఒక్కో తరగతిలో ఎనిమిది పది ప్లాట్లు ఉండేలా 40ని 70 చేయండి. తరగతి సగటును విస్తీర్ణంతో గుణించండి, పొరపాటు పరిధి ఇవ్వండి. చూడ్డానికి ఆడంబరంగా ఉండదు గానీ, పరీక్షకుడి ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుంది.

విస్తీర్ణాన్ని మాత్రం పిక్సెళ్లు లెక్కపెట్టి చెప్పకండి. ఒక ఊహా ఉదాహరణ చూడండి. లక్ష హెక్టార్ల మ్యాప్‌లో 95,000 అడవి, 5,000 కాఫీ వచ్చిందనుకుందాం. అడవిలో యాదృచ్ఛికంగా తీసిన 100 పాయింట్లలో 4 నిజానికి కాఫీ. కాఫీలో తీసిన 100లో 80 నిజంగా కాఫీ. మొత్తం మీద కచ్చితత్వం 95 శాతం, అందరూ సంతోషిస్తారు. కానీ నిజమైన కాఫీ విస్తీర్ణం లెక్క వేస్తే 3,800, 4,000 కలిపి 7,800 హెక్టార్లు. 95 శాతం సరైన మ్యాప్ కాఫీని మూడో వంతుకు పైగా తక్కువ చూపించింది. అరుదైన తరగతి దగ్గర ఇలా జరుగుతుంది, మీ అంశంలో ముఖ్యమైన తరగతులన్నీ అరుదైనవే. అందుకే తరగతివారీగా పాయింట్లు తీసి, సవరించిన విస్తీర్ణం, దాని పరిధి ఇవ్వాలి.

మీరు అడగని ఇంకో విషయం రాయాలి. మీ మ్యాప్ ఒక రోజు ఎవరో ఒకరు అటవీ హక్కుల దరఖాస్తు పక్కన పెట్టి చూస్తారు. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమి మీద హక్కు అడగవచ్చు. ఆ ఏడాది బీడులో ఉన్న పోడును మీ మ్యాప్ ‘అడవి’ అంటే, ఒక కుటుంబం తాతల నాటి భూమికి అది అడ్డుగా నిలవగలదు. శాటిలైట్ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో రంగుల మ్యాప్‌కి మనిషి మాట కంటే ఎక్కువ బరువు ఇచ్చేవాళ్లు ఉంటారు. కాబట్టి బీడును అడవిలో కలపకండి. పోడు ముక్కల హద్దుల ఫైళ్లను గ్రామసభకు చెప్పకుండా ఆన్‌లైన్‌లో పెట్టకండి, థీసిస్‌లో గ్రిడ్ స్థాయి సగటులు చాలు. ప్లాట్లు వేసే ముందు అటవీశాఖ అనుమతి ఎలాగూ తీసుకుంటారు, ఊళ్లో కూడా కూర్చుని ఎందుకు కొలుస్తున్నారో చెప్పండి. పని అయ్యాక మ్యాప్ ప్రింట్ తీసి తీసుకెళ్లి చూపించండి. ఏ బీడు ఎప్పుడు వదిలారో, ఏ తోట ఏ ఏడు వేశారో వాళ్లు చెబుతుంటే మీ వర్గీకరణ తప్పులు అక్కడికక్కడే బయటపడతాయి.

మీ షీట్‌లో చెట్టు జాతి, వాలు కోణం, కొలిచింది చుట్టుకొలతా వ్యాసమా, జీపీఎస్ పొరపాటు అంచనా, బీడు వయసు అన్న కాలమ్‌లు ఉన్నాయో లేదో చూసి చెప్పండి. 40 ప్లాట్లు ఏ తరగతిలో ఎన్ని పడ్డాయో కూడా రాయండి. అవి తెలిస్తే మిగతా 30 ఎక్కడ వేయాలో, పాల్సార్ డేటాని వాటితో ఎలా కలపాలో వివరంగా చెప్పగలను. ఫీల్డ్‌కి వెళ్లాలంటే ఫిబ్రవరి మొదట్లో వెళ్లండి: దారులు ఆరి ఉంటాయి, కాఫీ కోత చాలావరకు అయిపోయి రైతులకు మాట్లాడే తీరిక ఉంటుంది, పోడుకు నిప్పు పెట్టడం ఇంకా మొదలవదు.